సవరణ: గాజు పూసలకి మైక్రోవేవ్ కిల్న్ సరిపోదు

మొన్నటి పోస్టులో టార్చ్ (గ్యాస్ మంట) మీద చేసిన గాజు పూసలకి చవకగా దొరికే మైక్రోవేవ్ కిల్న్ (మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి వాడే చిన్న బట్టీ) చాలని రాశాను, అది తప్పు. అది గాజు ముక్కల్ని కరిగించి అతికించి చిన్న లాకెట్లు చేసుకోడానికే, నిమిషాల్లో వేడెక్కిపోతుంది, ఒక టెంపరేచర్ దగ్గర ఆపే వీల్లేదు. పూసకి కావాల్సింది అనీలింగ్, అంటే లోపలి ఒత్తిడి పోయేలా ఒకే వేడి మీద కాసేపు ఉంచి నిదానంగా చల్లార్చడం. గాజు కడ్డీల కంపెనీలు ఇచ్చే చార్టుల ప్రకారం సీఓఈ (వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె) 104 ఉన్న సాఫ్ట్ గ్లాస్‌కి సుమారు 510-520 డిగ్రీల సెల్సియస్, బోరోసిలికేట్‌కి (వేడిని బాగా తట్టుకునే గట్టి గాజు) 565 దగ్గర, కాసేపు అక్కడే ఉంచి తర్వాత వేడిని మెల్లిగా తగ్గించాలి, లేకపోతే పైకి నున్నగా మెరుస్తూనే ఉంటుంది గానీ లోపలి ఒత్తిడికి ఎప్పుడో రంధ్రం దగ్గర్నుంచి సన్నగా గీత పడి రెండు ముక్కలైపోతుంది. వర్మిక్యులైట్‌లో (వేడిని త్వరగా పోనివ్వని ఖనిజపు పలుకులు) పెడితే చల్లారడం నిదానిస్తుంది అంతే, అనీలింగ్ అయినట్టు కాదు.

కాబట్టి కరెంటు కిల్న్ కావాలి. డబ్బులు తక్కువుంటే దాని సైజు తగ్గించుకోండి, కావాల్సిన టెంపరేచర్ దగ్గర ఆపి ఉంచే డిజిటల్ కంట్రోలర్ మాత్రం వదలొద్దు. కుండల కిల్న్‌లా 1200 డిగ్రీలు అక్కర్లేదు. ఇంకోటి, 2 కిలోవాట్లదైతే 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది కాబట్టి ఫోన్ ఛార్జర్ పెట్టే 6 ఆంప్స్ సాకెట్ పనికిరాదు, గీజర్‌కి వాడే 16 ఆంప్స్‌దే కావాలి. పాత పోస్టు చూసి ఎవరైనా ఆర్డర్ పెట్టుంటే క్యాన్సిల్ చేసుకోండి.