తప్పు సినిమాదా, డిస్కుదా, టీవీదా?

బ్లూరే సినిమా డిస్కుల రివ్యూల్లో పదే పదే ఎదురయ్యే మాట ఒకటుంది: "బొమ్మ బాగుంది గానీ అక్కడక్కడా గ్రెయిన్ కనిపించింది." గ్రెయిన్‌ని, అంటే బొమ్మలో కనిపించే ఫిల్ము రేణువుల గరుకుని, తప్పుల పద్దులో రాసిన రివ్యూని అక్కడితో ఆపేయవచ్చు. ఫిల్ము మీద తీసిన సినిమాలో బొమ్మ ఉన్నదే ఆ రేణువుల్లో. వాటిని తుడిచేస్తే చర్మపు గరుకూ, బట్ట నేతా, గడ్డం వెంట్రుకలూ వాటితోపాటే పోతాయి. మిగిలేది మైనం పూసిన మొహం.

డిస్కు రివ్యూ, సినిమా రివ్యూ ఒకటి కాదు. కథ ఎలా ఉందో చెప్పేవాళ్ళు బోలెడుమంది. డిస్కు కొనబోయేవారికి కావలసింది వేరు. కనిపించిన లోపం ఎక్కడ పుట్టింది? షూటింగులోనా, ల్యాబులోనా, స్కానింగులోనా, డిస్కులోకి కుదించేటప్పుడా, లేక రివ్యూ రాసేవారి గదిలోనేనా? ఇది తేల్చకుండా "పిక్చర్‌కి అయిదుకి నాలుగు" అని మార్కులేస్తే, పోయిన ఆ ఒక్క మార్కు ఎవరి ఖాతాలో పోయిందో చదివేవారికి తెలియదు.

ముందు గది సంగతి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. చాలా టీవీలు దుకాణంలో మెరవడానికి పెట్టిన సెట్టింగులతోనే ఇంటికొస్తాయి. పిక్చర్ మోడ్‌ని ఫిల్మ్‌మేకర్‌కో, అది లేకపోతే సినిమాకో మార్చాలి. మోషన్ స్మూతింగ్ ఆపాలి. అది లేని ఫ్రేములు పుట్టించి సినిమాని సీరియల్లా చేస్తుంది. బొమ్మలోని చుక్కల్ని తుడిచే నాయిస్ రిడక్షన్ ఆపకపోతే డిస్కులో ఉన్న గ్రెయిన్‌ని టీవీ తినేస్తుంది, నింద మాత్రం డిస్కు మోస్తుంది. షార్ప్‌నెస్ ఎక్కువుంటే అంచుల చుట్టూ తెల్లటి గీతలు టీవీయే గీస్తుంది. ఓవర్‌స్కాన్ ఉంటే బొమ్మ నాలుగు పక్కలా తెగి, మిగిలింది సాగి మసకబారుతుంది.

ప్లేయర్లో సెకనుకి 24 ఫ్రేముల ఔట్‌పుట్ ఆన్ చేయాలి. ఆ తర్వాత చూడాల్సింది వీడియో రేంజ్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా వెలుగుని ఏ అంకెల మధ్య పంపుతున్నారన్నది. ప్లేయరు 0 నుంచి 255 దాకా పంపుతుంటే టీవీ 16 నుంచి 235 దాకానే ఉందనుకుంటే, నీడలన్నీ నల్లటి ముద్దయిపోతాయి. తిరగబడితే నలుపంతా బూడిద రంగుకి దిగుతుంది. "చీకటి సీన్లలో వివరాలు మింగేశారు" అనే ఫిర్యాదు రాసే ముందు ఈ ఒక్క మెనూ చూడటం మంచిది.

దూరం కూడా లెక్కే. 55 అంగుళాల టీవీ తెర ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు. 1080 గీతల వివరం మామూలు కంటికి ఆనాలంటే ఆ ఎత్తుకి మూడింతలు, అంటే రెండు మీటర్ల చిల్లర దూరంలో కూర్చోవాలి. 4కే వివరం కావాలంటే అందులో సగం దూరం. నాలుగు మీటర్ల అవతల కూర్చుని "4కే డిస్కులో అదనపు వివరమేమీ లేదు" అని రాస్తే, అది డిస్కు గురించి కాదు, సోఫా గురించి రివ్యూ.

ఇక డిస్కు. అట్ట మీద మెరిసే "రీమాస్టర్డ్" అనే ముద్రకి కచ్చితమైన అర్థమంటూ లేదు. స్కాన్ చేసింది అసలు కెమెరా నెగెటివ్‌నా, దాన్నుంచి తీసిన ఇంటర్‌పాజిటివ్‌నా, హాల్లో ఆడిన ప్రింటునా అన్నది ముందు కనుక్కోవాలి. తర్వాత, బొమ్మకి సెకనుకి బిట్లు (సమాచారపు తునకలు) ఎన్ని దక్కాయో చూడాలి. ఒక పొర బ్లూరేలో పట్టేది 25 గిగాబైట్లు, రెండు పొరలైతే 50. మూడు గంటల సినిమాని ఒక్క పొరలో ఇరికించారనుకోండి. 25 గిగాబైట్లంటే 2 లక్షల మెగాబిట్లు. వాటిని 10,800 సెకన్లకి పంచితే సెకనుకి 18.5 మెగాబిట్లు వస్తాయి. నాణ్యత పోకుండా కుదించిన 5.1 సరౌండ్ ధ్వని మూడో నాలుగో పట్టుకుపోతే, బొమ్మకి మిగిలేది 14, 15. మెనూలకీ, అదనపు వీడియోలకీ చోటు ఇంకా తీయనేలేదు. బ్లూరే ప్రమాణం వీడియోకి 40 దాకా ఇస్తుంది. 14 అనగానే బొమ్మ చెడినట్టు కాదు, మంచి చేతిలో హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతి దాంతోనూ నెట్టుకొస్తుంది. కానీ రెండో పొర వాడి ఉంటే ఎంత ఊపిరి దక్కేదో రివ్యూలో రాయాలి. చాలా ప్లేయర్ల రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే ఆ క్షణపు బిట్‌రేటు, అంటే సెకనుకి వాడుతున్న బిట్ల లెక్క, తెర మీదికి వస్తుంది.

కుదింపు ఎక్కడ తడబడుతుందో వెతకడానికి సినిమా అంతా గాలించక్కర్లేదు. పొగ, మంచు, వాన, అలలు, గాల్లో ఎగిరే రంగు కాగితాలు, పరిగెత్తే జనం: వీటిలో చతురస్రపు గడులు తేలుతున్నాయేమో చూడాలి. సాయంకాలపు ఆకాశంలో, నెమ్మదిగా చీకటయ్యే ఫేడ్‌లో మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తే అది బ్యాండింగ్. మామూలు బ్లూరేలో ఒక్కో రంగుకి 8 బిట్లే కాబట్టి అక్కడది కొంత సహజం. 10 బిట్ల అల్ట్రా హెచ్‌డీ (4కే) డిస్కులో కనిపిస్తే మాత్రం అనుమానించాలి. అదే డిస్కుని, అదే సెకను దగ్గర, ఇంకో తెర మీద చూడండి. పట్టీలు అక్కడే ఉంటే తప్పు డిస్కుదో, అది తయారైన మాస్టర్ కాపీదో. మాయమైతే మీ టీవీది.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఒకచోట ఉంది. డిజిటల్ రాకముందు ఒక సీను కరిగి ఇంకో సీనులోకి మారే డిజాల్వ్‌ని ఆప్టికల్ ప్రింటర్ మీద చేసేవారు. అంటే రెండు షాట్లనీ కలిపి కొత్త ఫిల్ము మీదికి మళ్ళీ ఫొటో తీయడమే. ఆ ముక్క అసలు నెగెటివ్ కన్నా ఒకటో రెండో తరాలు కిందది. అందుకే డిజాల్వ్ మొదలయ్యేముందు ఎడిటింగ్ కట్ పడినచోట బొమ్మ ఉన్నట్టుండి మెత్తబడుతుంది, గ్రెయిన్ బరువెక్కుతుంది, రంగు ఒక్క పిసరు మారుతుంది. సీను మారాక, తర్వాతి కట్ దగ్గర మళ్ళీ తేటపడుతుంది. బొమ్మల మీద నడిచే టైటిళ్ళదీ ఇదే కథ. "మొదటి మూడు నిమిషాలు మసకగా ఉన్నాయి, ట్రాన్స్‌ఫర్ సరిగా చేయలేదు" అని రాసినవారు సినిమా పుట్టుమచ్చని డిస్కుకి అంటగట్టారన్నమాట. నిజానికి ఆ మార్పు స్పష్టంగా తెలుస్తోందంటే స్కానింగ్ నిజాయితీగా జరిగిందనే. సినిమా అంతా ఒకే నునుపులో సాగితేనే ఎవరో చెయ్యి పెట్టారని శంకించాలి.

ఆ చెయ్యిని పట్టుకునే తీరు ఇది. సహజమైన గ్రెయిన్ ఫ్రేము ఫ్రేముకీ మారుతుంది, చీమలు పాకినట్టుంటుంది. మొహం కదులుతున్నా గ్రెయిన్ ఒకేచోట అతుక్కుని ఉంటే, లేదా మనిషి తల తిప్పగానే చెంప మీద వివరం చెరిగి, ఆగగానే తిరిగొస్తే, నాయిస్ రిడక్షన్ గట్టిగా పట్టించారని అర్థం. కరెంటు తీగలు, కిటికీ కడ్డీల పక్కన తెల్లటి నీడ గీతలుంటే, అది అంచులు కృత్రిమంగా పెంచిన గుర్తు. మీ టీవీ షార్ప్‌నెస్ ముందే తగ్గించి ఉండాలనుకోండి.

పాజ్ చేసి తీర్పు చెప్పకూడదు. కుదించిన వీడియోలో అన్ని ఫ్రేములకీ సమానంగా బిట్లు దక్కవు. పక్క ఫ్రేముల మీద ఆధారపడే ఫ్రేము దగ్గర ఆపితే పేలవంగా, పూర్తి ఫ్రేము దగ్గర ఆపితే ఘనంగా కనిపిస్తుంది. టీవీకి ఫోను పెట్టి తీసిన ఫొటోలని రుజువులుగా చూపడం ఇంకా అన్యాయం. ఎక్స్‌పోజరూ, రంగూ ఫోను తన ఇష్టానికి మార్చేస్తుంది. వెలుగునీడల తేడాని ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ బొమ్మ విషయంలో ఆ ఫొటోలకి అసలు విలువే లేదు.

హెచ్‌డీఆర్ అంటే బొమ్మంతా వెలిగిపోవాలన్న అపోహ ఒకటి. దాని లాభం దీపపు వత్తిలో, నీటి మీద తళుకులో ఉంటుంది, మొహాలు మామూలు వెలుగులోనే ఉంటాయి. 4,000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకి కొలత) వరకు వెలుగూ రంగూ దిద్దిన డిస్కుని 600 నిట్ల టీవీ తన శక్తికి తగ్గట్టు కుదించుకుంటుంది. కొన్ని టీవీలు మొత్తం బొమ్మ వెలుగునే దించేస్తాయి. "డిస్కు మరీ చీకటిగా ఉంది" అనేవారు ముందు తమ టీవీ పేరు, మోడల్ రాయాలి.

ధ్వనికి ఒక్క మాట చాలు. ప్లేయర్లో సెకండరీ ఆడియో ఆపి, ధ్వనిని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే బిట్‌స్ట్రీమ్ పెట్టండి. సెకండరీ ఆడియో ఆన్‌లో ఉంటే మెనూ చప్పుళ్ళు కలపడం కోసం చాలా ప్లేయర్లు డాల్బీ ట్రూహెచ్‌డీనీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోనీ మామూలు డాల్బీలోకో డీటీఎస్‌లోకో దించి పంపుతాయి. స్పీకర్లని నడిపే రిసీవర్ ముందు పలకలో ఏ పేరు వెలుగుతోందో చూడకుండా ధ్వని గురించి ఒక్క వాక్యం రాయకూడదు.

"ఆరు నిమిషాలు కోసేశారు" అని గోల చేసేముందు కూడా ఒక లెక్క ఉంది. 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేములకి పరిగెత్తించి డిస్కులో ఎక్కిస్తే 150 నిమిషాలది 144కే అయిపోతుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. అలాంటి డిస్కు అట్ట మీద సాధారణంగా 1080ఐ, 50 హెర్ట్జ్ అని ఉంటుంది. కత్తెర పడలేదు గానీ అదీ లోపమే, దాని పేరుతోనే రాయాలి.

చివరికి, ఆగిపోయే డిస్కు. బ్లూరేలో సమాచారపు పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6. కాబట్టి వేలిముద్ర కూడా అడ్డే. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్యనుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. మళ్ళీ పెట్టినా సరిగ్గా అదే నిమిషం దగ్గర ఆగితే వేరే ప్లేయర్లో వేయండి. అక్కడా అదే చోట ఆగితే డిస్కు మార్చమని అడగండి, ఆ నిమిషం అంకె రాసి మరీ. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే లోపం ప్లేయరుదయ్యే అవకాశమే ఎక్కువ. 100 గిగాబైట్ల మూడు పొరల డిస్కుల దగ్గర పాత ప్లేయర్ల లెన్సులు ముందుగా చేతులెత్తేస్తాయి.