పాస్‌బుక్‌లో రైతు, ఆఫీసులో టెక్ లీడ్

రెండు చేతులా సంపాదించేవాణ్ని లోకం మెచ్చుకుంటుంది, హెచ్‌ఆర్ మాత్రం మెచ్చుకోదు. 2022లో ఒక పెద్ద ఐటీ సంస్థ మూన్‌లైటింగ్ (ఒక కొలువులో ఉంటూనే చాటుగా ఇంకో కొలువు) చేస్తున్నారని 300 మందిని ఇంటికి పంపింది. అప్పట్నుంచీ ఆ మాట వినబడితే మా ఫ్లోర్‌లో గొంతులు తగ్గిపోతాయి. కనుక ముందే మనవి చేసుకుంటున్నాను: నాది మూన్‌లైటింగ్ కాదు. వికారాబాద్ దారిలో రెండెకరాల ఫామ్‌హౌస్ ఉంది, శని ఆదివారాలు అద్దెకిస్తాను, అంతే. వెన్నెల్లో కష్టపడేది నేను కాదు, గెస్టులు. అదీ స్పీకర్లు పెట్టుకుని, తెల్లవార్లూ.

నాకున్నవి మూడు అవతారాలు. పట్టాదారు పాస్‌బుక్‌లో రైతును. ఐడీ కార్డులో టెక్ లీడ్‌ను. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘ప్రకృతి ఒడిలో ప్రశాంతత’ను. రైతు భరోసా కింద సర్కారు ఎకరాకు సీజన్‌కు 6,000 ఇస్తుంది గానీ, సాగుకు పనికిరాని భూములకు లేదంటుంది. స్విమ్మింగ్ పూల్ సాగుకు పనికొస్తుందా రాదా? నీళ్లు నిలవుంటాయి కనుక వరికి అనుకూలమేనని నా వాదన. సాగుభూమిలో వ్యాపారం చేయాలంటే నాలా మార్పిడి, అంటే భూమిని వ్యవసాయేతరంగా మార్పించుకోవడం, ఉండాలి బావా, అని మా బావమరిది నసుగుతుంటాడు. వచ్చినప్పుడల్లా పైసా ఇవ్వకుండా రెండ్రోజులుండి పోయే గెస్టు మాటకు నేను విలువివ్వను.

జీఎస్టీ సంగతంటారా? సేవల వ్యాపారానికి మామూలుగా ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్. ఆ 20 లక్షల కోసం జీఎస్టీ వాళ్లకన్నా నేనే ఆత్రంగా ఎదురుచూస్తున్నాను. ఒక హల్దీ ఫంక్షన్ అయ్యాక పూల్ చూస్తే పప్పుచారులా ఉంటుంది. ఆ పసుపు నీళ్లు తోడి మళ్లీ నింపడానికి బోరు రాత్రంతా ఆడాలి, ఆ పాపానికి నెలకోసారి మోటరు కాలాలి. కరెంటు బిల్లు, క్లోరిన్, వాచ్‌మన్ జీతం, బ్యాంకు వాయిదా పోను నెలాఖరుకు తేలేదేమిటంటే, ఫామ్‌హౌస్ నాకు జీతమివ్వడం లేదు, నేనే దానికిస్తున్నాను. ఇక దీన్ని రెండో ఉద్యోగమని ఎలా అంటారు? కట్నమిచ్చి చేస్తున్న కొలువిది.

కంపెనీకి నష్టం చేశానన్న అభాండం కూడా ఒప్పుకోను. మొన్న సోమవారం పొద్దున మా టీమ్ రోజువారీ మీటింగ్, అదే స్టాండప్ కాల్‌లో ఉండగా వాచ్‌మన్ ఫోను. ఆదివారం రాత్రి దిగిన గెస్టులింకా కదల్లేదట. “సార్, గీజర్ల నీళ్లు వేడైతలేవంట, లొల్లి చేస్తున్రు.” మ్యూట్‌లో ఉన్నాననుకుని గట్టిగా అన్నాను: “ముందు మెయిన్ ఆపు. రెండు నిమిషాలాగి మళ్లీ వెయ్.” కాల్‌లో కాసేపు నిశ్శబ్దం. పొద్దుట్నుంచీ మొరాయిస్తున్న సర్వర్‌ను మావాళ్లు ఆపి, రెండు నిమిషాలాగి మళ్లీ వేశారు. అది లేచి కూర్చుంది. క్లయింటు నన్ను పేరు పెట్టి మరీ మెచ్చుకున్నాడు. గీజర్ మాత్రం ఇప్పటికీ అంతే.

అయినా ఏడాది చివర మేనేజరు నాకు ఐదుకు మూడిచ్చి, ‘స్పందన ఆలస్యం’ అని రాశాడు. అదే వారం ఒక గెస్టూ మూడు చుక్కలే ఇచ్చి, ‘ఓనర్ ఫోనెత్తడు’ అని రాశాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమోనని నా అనుమానం.

పిల్లలకు దసరా సెలవులు. ఆ పూల్‌లో మన పిల్లలు ఒక్కసారైనా దిగారా అని మా ఆవిడ అడిగింది. నిజమే కదా అని వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను.

“దసరాకా? మొత్తం బుక్ అయినయ్ సార్. దీపావళి తర్వాత బుధవారం ఒకటి ఖాళీ ఉంది. ఎంతమంది వస్తరు?”

“నలుగురం.”

“సరే సార్. అడ్వాన్స్ గూగుల్‌పే కొట్టున్రి, రాసుకుంట.”