అమెరికా రాజ్యాంగం: దృక్కా, పూర్వమా?

అమెరికా రాజ్యాంగం మీద సాధికారికంగా రాయడానికి నాకు మూడు అర్హతలున్నాయి. ఒకటి, విజిటర్ వీసా మీద డాలస్ పక్కన మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలున్నాను. రెండు, నాకు కారు నడపడం రాదు కనుక ఆ ఆరు నెలలూ గుమ్మం దాటకుండా చదువుకున్నాను. మూడు, మా తాతగారు పంచాంగం గుణించేవారు. మొదటి రెండూ పెద్దగా అక్కరకు రాలేదు. మూడోది లేకపోతే మాత్రం నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

మా అల్లుడు అప్పుడు పౌరసత్వం పరీక్షకు చదువుతున్నాడు. వంద ప్రశ్నల పుస్తకం. ఆఫీసరు అందులోంచి పది అడిగేవాడు, ఆరు చెబితే పాసు. (2025 అక్టోబరు నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు ప్రశ్నలు 128 చేశారు. ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి. అల్లుడు ముందే పెట్టాడు కాబట్టి గట్టెక్కాడు.) రాత్రి భోజనాల దగ్గర తొమ్మిదేళ్ల మా మనవరాలు ఆ పుస్తకం పట్టుకుని కూర్చునేది. ఆ ఇంట్లో అమెరికా పౌరురాలు అదొక్కతే. పప్పన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని, "ఫస్ట్ అమెండ్‌మెంట్‌లో ఒక హక్కు చెప్పు నాన్నా" అనేది. పద్దెనిమిదేళ్లుగా ఆ దేశానికి పన్ను కడుతున్న మనిషి పెరుగు గిన్నెలో గరిట వదిలేసి పైకప్పు వంక చూసేవాడు. ఉండబట్టలేక నేను "మాట్లాడే హక్కు" అని అందించాను. "తాతయ్యా, నువ్వు మాట్లాడకూడదు" అంది.

ఇక రాజ్యాంగ గ్రంథం సంగతి. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో 55 మంది కిటికీలు బిగించుకుని కూర్చుని, ఉక్కపోతలో రాసిన నాలుగు తోలు కాగితాలు అది. చివరికి సంతకం పెట్టింది 39 మంది. ఆ సంతకాల దగ్గర పెన్సిల్వేనియా స్పెల్లింగులో ఒక ఎన్ ఎగిరిపోయింది. ఏ రాష్ట్రంలో కూర్చుని రాశారో ఆ రాష్ట్రం పేరే తప్పు. ఇప్పటికీ అద్దాల పెట్టెలో అలాగే ఉంది. దిద్దాలంటే భయం.

భయం అని ఊరికే అనడం లేదు. మన రాజ్యాంగానికి 2023 నాటికి 106 సవరణలు. వాళ్లకు 27. అందులో మొదటి పదీ 1791లో ఒకే మూటగా వచ్చాయి. మిగిలిన పదిహేడింట్లో 18వది సారా వద్దంది, 21వది సరే తాగండంది. ఆ రెండూ చెల్లుకు చెల్లు. అంటే రెండు శతాబ్దాలు దాటినా నికరంగా నిలిచినవి పదిహేను. ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మంది ఊఁ అని, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 తలూపితే గానీ సవరణ కుదరదు. పెళ్లి పిలుపులకెళ్లి, ముప్పై ఎనిమిది ఇళ్లలోనూ "మాకు బొట్టుపెట్టి సవ్యంగానే చెప్పారు" అనిపించుకున్న వాళ్లెవరైనా ఉంటే అది ఎంత కష్టమో చెప్పగలరు.

(సారా నిషేధం వాళ్లకు పదమూడేళ్లు పట్టింది, 1920 నుంచి 1933 దాకా. డాక్టరు చీటీ రాస్తే విస్కీ మందుల షాపులో దొరికేది. మనం 1995లో పెట్టి 1997లో ఎత్తేశాం. ఈ విషయంలో మనమే చురుకు.)

మరి గ్రంథం మార్చడం కుదరనప్పుడు ఏం చేస్తారు? గుణించే పద్ధతి మారుస్తారు. ఇక్కడే మా తాతగారు కావాలి. తెలుగునాట ఏటా ఏదో ఒక పండగ రెండు రోజులొస్తుంది. పాత సూత్రాల ప్రకారం లెక్క కట్టాలనేవాళ్లది పూర్వ సిద్ధాంతం. ఆకాశంలో గ్రహం ఇప్పుడెక్కడుందో చూసి కట్టాలనేవాళ్లది దృక్ సిద్ధాంతం. తిథి ఒకటే, సిద్ధాంతులు ఇద్దరు, పండగలు రెండు. అమెరికాలో సిద్ధాంతులు తొమ్మిదిమంది, సుప్రీంకోర్టు జడ్జీలు. వాషింగ్టన్‌లో తెల్లరాతి మండపంలో, నల్ల గౌన్లలో కూర్చుంటారు. బతికున్నంతకాలం పీఠం వాళ్లదే. రాసినవాళ్ల కాలంలో ఆ మాటకు ఏమర్థమో అదే అర్థం అనేవాళ్లు పూర్వం. కాలంతోపాటు మాటా నడుస్తుందనేవాళ్లు దృక్కు. ఇప్పుడు పీఠంలో పూర్వానిదే బలం. మిగతాదంతా వివరమే.

రెండో సవరణ చూడండి. ఇంగ్లీషులో 27 మాటలు. కామాలు ఎన్నని అడక్కండి. కాంగ్రెసు ప్రతిలో మూడు, కొన్ని రాష్ట్రాలకు చేరిన ప్రతుల్లో తక్కువ. స్వేచ్ఛగల రాజ్యానికి క్రమశిక్షణ గల ప్రజాసైన్యం అవసరం గనుక, ఆయుధాలు ఉంచుకునే ప్రజల హక్కుకు భంగం కలగరాదు. అంతే వాక్యం. తుపాకీ సైన్యంలో ఉన్నవాడికా, వంటింట్లో ఉన్నవాడికా? 2008లో తొమ్మిదిమందిలో అయిదుగురు వంటింట్లోవాడికే అని తేల్చారు. వాక్యం మొదటి సగం పీఠిక మాత్రమేనట, అసలు సరుకు రెండో సగంలో ఉందట. నాకు ఇది వెంటనే బోధపడింది. సంకల్పంలో "మేరోర్దక్షిణ దిగ్భాగే" అంటాం. అంతమాత్రాన మేరువుకు ఉత్తరాన ఉన్నవాడు పూజ చేసుకోకూడదని కాదు కదా. పైగా ఆ మధ్య డాలస్‌లో సత్యనారాయణ వ్రతానికి వచ్చిన పంతులుగారు జంబూద్వీపం తీసేసి "క్రౌంచద్వీపే" అని చదివారు. ఆయన దృక్కన్నమాట. ఆయన్ని సుప్రీంకోర్టుకు పంపితే గొడవ తీరిపోను.

2022లో పూర్వపక్షం మరో మెట్టెక్కింది. తుపాకుల మీద ఇప్పుడు ఏ చట్టం చేసినా, దానికి ఆనాటి చట్టాల్లో పోలిక చూపించాలంది. చూపించలేక న్యూయార్క్‌లో 1913 నాటి నిబంధన కూడా కొట్టుకుపోయింది. వందేళ్లు పైబడినా అది పాతది కాదు. ఇంకా పాతది కావాలి! దాంతో లాయర్లు, చరిత్ర పంతుళ్లు అటకెక్కారు. మా అమ్మాయి ఉన్న టెక్సాస్‌లోనే ఒకడు ప్రియురాలిని కొడితే, వీడి దగ్గర తుపాకీ ఉండకూడదని కేసు పెట్టారు. ఆ కాలంలో ఇలాంటి వాడి తుపాకీ లాక్కునే చట్టమేదీ లేదు గనుక ఇప్పుడూ కుదరదు పొమ్మంది అప్పీలు కోర్టు. 2024లో పైనున్న తొమ్మిదిమంది చెమటలు తుడుచుకుని, పోలిక అంటే అచ్చు అలాంటి పోలికే అక్కర్లేదు లెండి అని ఎనిమిదిమంది ఒకవైపు చేరి సర్దారు. తొమ్మిదో ఆయన ఒప్పుకోలేదు. పోలిక సూత్రం రాసింది ఆయనే.

మనకు తగిలే ముక్కకు వస్తాను. 1790 నాటి చట్టం తెల్లవాళ్లకే పౌరసత్వం ఇమ్మంది. ఎవరు తెల్లవారు? 1922 నవంబరులో ఒజావా అనే జపానాయన, నా ఒంటిరంగు మీలో చాలామంది కంటే తెలుపు అని వెళ్లాడు. రంగు కాదయ్యా, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడు అని పంపేశారు. బావుంది, మా పంజాబు వాళ్లను శాస్త్రం కాకేసియన్లలోనే కలిపింది కదా అని, అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన భగత్ సింగ్ థిండ్ రెండు నెలలకు అదే గడప ఎక్కాడు. శాస్త్రం సంగతి వదిలెయ్, వీధిలో మామూలు మనిషి నిన్ను తెల్లవాడంటాడా అని అడిగారు. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, సదర్లాండ్. పంచాంగం రెండు రకాలుగా గుణించేవాళ్లను చూశాను గానీ, అమావాస్యకొకటీ పౌర్ణమికొకటీ వాడే సిద్ధాంతిని అక్కడే చూశాను. థిండ్ ఓడిన రోజు 1923 ఫిబ్రవరి 19.

ఆ తేదీలో ఏదో దోషముంది. 1942లో జపాను మూలాలున్న అమెరికన్లను శిబిరాల్లోకి తోలడానికి రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిందీ ఫిబ్రవరి 19నే. 2025 జనవరి 20న అధ్యక్షుడిగా తిరిగొచ్చిన ట్రంప్, తాత్కాలిక వీసాల మీదున్న వాళ్లకు ఇకపై అక్కడ పుట్టే పిల్లలు పౌరులు కారంటూ పెట్టిన ముప్పై రోజుల గడువు తీరేదీ ఫిబ్రవరి 19నే. 1868 నాటి 14వ సవరణ అక్కడ పుట్టినవాళ్లంతా పౌరులే అంటోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను బయటివాడివి పొమ్మంటే, ఆయన కోర్టుకెక్కి 1898లోనే గెలిచాడు. అయితే ఆ సవరణలో "దేశపు అధికార పరిధికి లోబడి" అనే ముక్కొకటుంది. ఉత్తర్వు రాసినవాళ్లు దాన్ని పట్టుకున్నారు.

ఆ ఉత్తర్వు వచ్చిన నెల మా అమ్మాయి స్నేహితురాలికి ఎనిమిదో నెల. భార్యాభర్తలిద్దరూ తాత్కాలిక ఉద్యోగ వీసా హెచ్-1బి మీదే. ఒంగోలు నుంచి వాళ్ల అత్తగారు వీడియో కాల్‌లో, "ఫిబ్రవరి 19 లోపల మంచి లగ్నం చూసి సిజేరియన్ చేయించండమ్మా" అని రోజూ పోరు. సిజేరియన్‌కు ముహూర్తం మనకు కొత్త కాదు. అధ్యక్షుడి గడువుకు, తిథి వార నక్షత్రాలకు, డాక్టరు ఖాళీకి మూడింటికీ కుదిరే లగ్నం వెతకడం మాత్రం కొత్త. నా దగ్గరికే వచ్చారు. తాతగారి విద్య నాకు అబ్బలేదు, అయినా అడిగారు కాబట్టి పంచాంగం తిరగేశాను. ఈలోగా కింది కోర్టులు ఆ ఉత్తర్వును ఆపేశాయి. పిల్ల నెలలు నిండాకే పుట్టింది, నేను చెప్పిన లగ్నానికి మాత్రం కాదు.

రోజులు పెద్దవయ్యాక అల్లుడికి ఇంటర్వ్యూ వచ్చింది. ముందురోజు రాత్రి మనవరాలు చివరి పరీక్ష పెట్టింది. ఏడో సవరణ దగ్గర నేను మళ్లీ తగులుకున్నాను. ఇరవై డాలర్లు దాటిన తగాదాకు జ్యూరీ విచారణ హక్కుందట. ఇరవై డాలర్లకు డాలస్‌లో ఇద్దరికి దోశలు రావు, అయినా అంకె అలాగే ఉంది. మూడో సవరణ, శాంతికాలంలో సైనికుల్ని ఇంటివాడి ఇష్టం లేకుండా ఇంట్లో దించకూడదంటోంది. మామగారి ఊసెత్తలేదు. అది చదివి అల్లుడు నావంక చూడలేదు. సంస్కారం గల పిల్లాడు.

"సుప్రీంకోర్టులో జడ్జీలు ఎంతమంది?" అంది మనవరాలు.

"తొమ్మిది" అన్నాడు అల్లుడు, ఈసారి తడుముకోకుండా.

అది జవాబు చూసి మొహం చిట్లించింది. "బుక్‌లో తొమ్మిది అని లేదు నాన్నా. వెబ్‌సైట్‌లో చూసుకోండి అని ఉంది."

పుస్తకం లాక్కుని చూశాను. నిజమే. ఆ అంకె రాజ్యాంగంలోనూ లేదు. 1869లో చట్టంతో పెట్టుకున్నది, చట్టంతో మార్చుకోవచ్చు. అల్లుడు నావైపు తిరిగి, "ఏం చెప్పమంటారు మావయ్యగారూ?" అన్నాడు.

"తొమ్మిదే చెప్పు బాబూ. రేపు పొద్దున బయల్దేరే ముందు మాత్రం ఒకసారి చూసుకో" అన్నాను.