ముహూర్తం మనది, సేల్ షాపువాళ్లది

గృహప్రవేశం తేదీ ఖాయమైన ఇంట్లో వెంటనే షాపింగ్ టెన్షన్ మొదలవుతుంది. పాలు పొంగించే రోజుకు బంధువులంతా వస్తారు. ఆలోపు హాల్లో సోఫా పడాలి, కిటికీలకు కర్టెన్లు రావాలి, గోడకు ఏదో ఒక పెద్ద పటం ఉండాలి. శ్రావణం, మాఘం లాంటి మాసాల్లో ముహూర్తాలు గుంపుగా వస్తాయి కాబట్టి ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాళ్లంతా అవే రెండు మూడు వారాల్లో అవే షాపులకు వెళ్తారు. షాపులో మనల్ని అడిగే తొలి ప్రశ్న కూడా అదే: "గృహప్రవేశం ఎప్పుడు సార్?" తేదీ చెప్పిన మరుక్షణం బేరం మన చేతిలోంచి జారిపోతుంది. ఆలోపు మనం కొనక తప్పదని అవతలివాళ్లకు తెలిసిపోయింది కదా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంటి అలంకరణ సామాన్లు గృహప్రవేశానికి ముందు కొనకూడదు. ఆ ఇంట్లో కొన్ని నెలలు ఉండి, ఆ తర్వాత గిరాకీ మందగించే సీజన్‌లో కొనాలి. గృహప్రవేశానికి కావలసినవి దేవుడి పటాలు, గుమ్మానికి మామిడి తోరణం, పాలు పొంగించడానికి పొయ్యి, గిన్నె, వచ్చినవాళ్లు కూర్చోవడానికి చాపలో, అద్దె కుర్చీలో. సోఫా లేకపోతే ఆగిపోయే క్రతువు అందులో ఒక్కటీ లేదు.

అసలు సేల్ ఎందుకు పుడుతుందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా వ్యాపారి జాన్ వానమేకర్ 1878 జనవరిలో దుప్పట్లు, తువ్వాళ్లు, తెల్ల బట్టల మీద ప్రత్యేకంగా తగ్గింపు అమ్మకం పెట్టాడు. క్రిస్మస్ కొనుగోళ్లు అయిపోయాక జనవరిలో షాపులు ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీని నింపడానికే ఆ అమ్మకం. అక్కడ దాన్ని ఇప్పటికీ వైట్ సేల్ అంటారు. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఈ లెక్క బాగానే తెలుసు. పరుపులు, సోఫాలు మెమోరియల్ డే, లేబర్ డే సెలవుల వారాంతాల్లో కొంటారు, బెడ్‌షీట్లు జనవరిలో చూస్తారు. ఇక్కడ ఇల్లు కొన్న తమ్ముడికి మాత్రం ముహూర్తం లోపు అన్నీ అమర్చెయ్యమని ఫోన్‌లో చెబుతారు.

మన ఆషాఢం సేల్ కూడా అలాంటి ఖాళీ లోంచి వచ్చిందే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. పల్లెల్లో డబ్బు విత్తనాలకు, ఎరువులకు పోతుంది. బట్టల షాపుల్లో గిరాకీ పడిపోతుంది. షాపు అద్దె, జీతాలు, సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగవు. కాబట్టి పాత సరుకు తగ్గించి అమ్మి, శ్రావణానికి కొత్త సరుకు దించుకుంటారు. తమిళనాడులో ఆడి తళ్ళుబడి అనేదీ ఇదే ఏర్పాటు. చీరల విషయంలో మన ఆడవాళ్లు ఈ కిటుకు ఏనాడో పట్టేశారు. పండగ చీర శ్రావణంలో కట్టినా ఆషాఢంలోనే కొని పెట్టుకుంటారు. అదే తెలివి కర్టెన్లకు, సోఫా గుడ్డకు, తివాచీలకు ఎందుకు వాడుకోమో నాకు అర్థం కాదు. ఆ షాపులకూ ఆషాఢంలో, పుష్యంలో అంతే ఖాళీ. పెద్ద బోర్డులు పెట్టరు కాబట్టి మనం గమనించం. ఆ రోజుల్లో నెమ్మదిగా వెళ్లి అడిగితే బోర్డు లేని తగ్గింపు కూడా దొరుకుతుంది. కుట్టుకూలి, ఫిట్టింగ్ చార్జీలు వదిలేయడం అందులో మామూలు. పైగా కుట్టేవాళ్ల చేతిలో పని తక్కువగా ఉంటుంది కాబట్టి కుచ్చులు, అంచులు శ్రద్ధగా వస్తాయి.

దసరా, దీపావళి సేల్స్ కథ దీనికి పూర్తిగా తిరగబడినది. అవి జనం ఎలాగూ కొనే రోజుల్లో వచ్చే సేల్స్. బోనస్ చేతికి వస్తుంది, ఇంటికి సున్నాలు వేస్తాం, కొత్త వస్తువు తెస్తే మంచిదనుకుంటాం. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తొలి బిగ్ బిలియన్ డే పెట్టినప్పటి నుంచి ఈ రోజులకు ఆన్‌లైన్ హోరు తోడైంది. ఆ మొదటి సేల్‌కు ముందు కొన్ని ధరలు మారాయని విమర్శలు రావడం, వ్యవస్థాపకులు కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ రాయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోన్‌లు, టీవీల విషయంలో ఈ సేల్స్‌లో నిజమైన తగ్గింపు ఉంటుందని ఒప్పుకుంటాను. అదే మోడల్ పది చోట్ల దొరుకుతుంది కాబట్టి ధర పోల్చి చూడటం తేలిక.

గోడ గడియారం, కుషన్ కవరు, సెంటర్ టేబుల్ అలా కాదు. ఒకే బల్ల మూడు పేర్లతో, మూడు ధరలతో కనిపిస్తుంది. అరవై శాతం తగ్గింపు అన్నప్పుడు ఆ వంద ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే. ఆ అంకె తయారీదారే వేసుకుంటాడు, నిన్నటిదాకా ఆ ధరకే అమ్మాడని దాని అర్థం కాదు. ఐరోపా సమాఖ్యలో 2022 మే నుంచి తగ్గింపు ప్రకటించే వ్యాపారి, గడచిన 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరను పాత ధరగా చూపించాలి. అలాంటి నిబంధన మనకూ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా ఆ పని మనమే చేసుకోవాలి. నచ్చిన వస్తువు ధరను సేల్‌కు నెల ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే, తగ్గింపు శాతం చూడాల్సిన పని ఉండదు, పాత అంకె పక్కన కొత్త అంకె చూస్తే చాలు.

మన దగ్గర అసలు రక్షణే లేదని కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మోసపు పద్ధతులను గుర్తించి మార్గదర్శకాలు ఇచ్చింది. "రెండే మిగిలాయి, పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అని లేని తొందర పుట్టించడం, మనకు చెప్పకుండా బిల్లులో ఇంకో వస్తువు చేర్చడం, చివరి మెట్టులో కొత్త చార్జీలు బయటపెట్టడం వాటిలో ఉన్నాయి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. వడ్డీ లేని అప్పు అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, బ్యాంకు వేసే వడ్డీ మేరకు అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గించి చూపిస్తారు. రూ.60 వేల సోఫాను 12 వాయిదాల్లో, 15 శాతం వడ్డీ లెక్కన తీసుకున్నామనుకుందాం. అందులో దాగిన వడ్డీ రూ.4,600 దాకా ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు రూ.830, మనమే కడతాం. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరు. మొత్తం ఒకేసారి కడతాను, ఆ తగ్గింపు నాకే ఇవ్వండి అని అడగండి. ముఖాముఖి అమ్మే షాపుల్లో ఇచ్చేవాళ్లు ఉన్నారు.

పన్నుల సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, ధర మీద దాని ప్రభావం సేల్ కంటే నిలకడగా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా శరన్నవరాత్రుల మొదటి రోజున, జీఎస్టీ శ్లాబులు మారాయి. చేతివృత్తుల వస్తువులు, తివాచీలు, పూర్తిగా వెదురుతోనో పేముతోనో చేసిన ఫర్నిచర్ 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. కర్ర ఫర్నిచర్ 18 లోనే ఉంది. బెడ్‌షీట్లు, కర్టెన్ల లాంటి కుట్టిన సరుకులో ఒక్కోదాని ధర రూ.2,500 లోపు ఉంటే 5 శాతం, దాటితే 18. అంటే రూ.2,500 గీతకు కాస్త అటు ఉన్న ఖరీదైన బెడ్‌షీట్ మీద పండగ తగ్గింపు అని కనిపించేదాంట్లో కొంత పన్నుకే పోతుంది. గీతకు ఇవతలే ఆగితే సేల్ అక్కర్లేకుండానే ఆదా అవుతుంది.

డబ్బు కంటే నేను ఎక్కువ విలువిచ్చే కారణం వేరే ఉంది. ఖాళీ ఇంటిని చూసి దానికి ఏం కావాలో ఎవరూ చెప్పలేరు. పడమటి కిటికీ లోంచి ఏప్రిల్ ఎండ ఎంత లోపలికి వస్తుందో, ఏ గోడకు వానాకాలంలో చెమ్మ దిగుతుందో, పిల్లలు హాల్లో చదువుతారో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటారో, నాన్నగారు పేపరు ఏ మూల చదువుకుంటారో ఉండి చూస్తేనే తెలుస్తుంది. చెమ్మ దిగే గోడకు వేల రూపాయల వాల్‌పేపర్ అంటిస్తే ఒక్క వానాకాలానికే ఊడుతుంది. ఎండ తగిలే చోట ముదురు రంగు సోఫా వేస్తే రెండేళ్లలో వెలిసిపోతుంది. శ్రావణంలో ఇంట్లో దిగినవాళ్లు పుష్యం దాకా ఆగితే వాన, చలి రెండూ చూస్తారు. తర్వాతి ఆషాఢం దాకా ఆగగలిగితే ఎండాకాలం కూడా చూస్తారు. అప్పుడు వేసుకునే లిస్టు, ముహూర్తానికి ముందు వేసుకున్న లిస్టులో సగం కూడా ఉండదు. కొనకుండా మిగిలిపోయిన ఆ సగం ఏ సేల్‌లోనూ దొరకని తగ్గింపు.

చేతితో చేసే వస్తువులకు ఈ లెక్క కొంచెం మార్చుకోవాలి. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు దసరా, సంక్రాంతి కొలువుల ముందు గిరాకీ ముంచుకొస్తుంది. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కర్ర ఆరాలి, రంగులు ఒకదాని మీద ఒకటి పడాలి. ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క పట్టించాలి. పండగ ముందు వారం వెళ్లి ఇదే బొమ్మ కావాలంటే, ఉన్నదాంతో సర్దుకోవలసి వస్తుంది. పెడన కలంకారీ అద్దకానికి పారే నీళ్లు, మంచి ఎండ రెండూ కావాలి కాబట్టి వాన రోజుల్లో పని నెమ్మదిస్తుంది. మంచం కవర్లు, గోడ తెరలు కావాలనుకునేవాళ్లు ఎండాకాలంలోనే చెప్పి పెట్టుకోవడం మేలు. వరంగల్ కొత్తవాడ దర్రీలకూ, అంటే నేల మీద పరిచే నేత జంపఖానాలకూ, ముందుగా చెబితే కొలత మనది, రంగు మనది. వీటి దగ్గర సేల్ కోసం చూడటం నాకు న్యాయంగా అనిపించదు. ఆ ధరలో ఎక్కువ భాగం కూలీయే, అందులో తగ్గించడానికి మిగిలేది తక్కువ. సహకార సంఘాలు, ఖాదీ భండార్లు పండగలప్పుడు ఇచ్చే రిబేటు వేరు, ఖాదీకి గాంధీ జయంతి రోజుల్లో వచ్చే రిబేటును నిశ్చింతగా వాడుకోవచ్చు. ప్రభుత్వ ఎంపోరియాలు గిరాకీ లేని నెలల్లో ముందస్తు ఆర్డర్లు తీసుకుని, కాస్త అడ్వాన్సు కళాకారుడికి చేరేలా చూస్తే ఇద్దరికీ మంచిది. లేపాక్షి, గోల్కొండ ఎంపోరియాలు ఈ పని చేయగలవు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నుమాయిష్ ఇంకో అవకాశం. 1938 నుంచి జరుగుతున్న ఈ ఎగ్జిబిషన్ సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లిలో ఉంటుంది. మొదటి వారాల్లో రకాలు ఎక్కువ, ధర గట్టి. ముగింపు దగ్గర పడ్డాక కశ్మీర్ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చినవాళ్లకు మిగిలిన సరుకు తిరిగి మోసుకెళ్లడం ఖర్చు కాబట్టి బేరానికి దిగుతారు. తివాచీ లాంటి బరువైన సరుకులో ఈ తేడా బాగా తెలుస్తుంది. షోరూముల్లో కొత్త మోడళ్లు దించే ముందు తీసేసే డిస్‌ప్లే పీసులూ అంతే. గీతలు, మరకలు పగటి వెలుగులో చూసుకుని, గ్యారంటీ ఉందో లేదో బిల్లు మీద రాయించుకుంటే చాలు.

ఇంత చెప్పినా, ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. దోమల జాలీలు, ఫ్యాన్లు, పడకగది కిటికీకి ఒక మామూలు తెర. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ, మంచం నుంచి అక్కడిదాకా దారి కనిపించేలా రాత్రి లైటు, తడికి జారని పట్టా. వీటికి ఆషాఢం అక్కర్లేదు, దసరా అక్కర్లేదు. గృహప్రవేశానికి ముందు వారమే, చెప్పిన ధరకే కొని, బిగించి, ఒకసారి ఆ పెద్దవాళ్లను నడిపించి చూడండి.