చింతమాను కాడ కుడికి తిరగాల

పోయిన ఎండాకాలం సెలవుల్లో ప్రొద్దుటూరు పోయినప్పుడు మా వాణ్ణి బెలుం గుహలకు తీసుకుపోయాను. వాడికి పద్నాలుగేళ్లు. కొలిమిగుండ్ల ఇంకా కొంత దూరం ఉందనగా ఫోన్లో సిగ్నల్ పోయింది. రోడ్డు పక్కన గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన కనిపిస్తే కారు ఆపి దారి అడిగాను.

"ఇట్టే నేరుగా పోండి నాయనా. నాపరాళ్ల గోడ అయిపోయినాక చింతమాను వస్తాది. మాను కాడ కుడికి తిరగాల. ఎడమకు పోతే గనుల్లోకి పోతారు, ఆడికి పోవాకండి."

అప్పటిదాకా తల ఎత్తని పిల్లాడు కిటికీ అద్దం దించాడు. గోడ ఎక్కడ అయిపోతుందో చూడాలి కదా. నల్లరేగడి చేలు, గట్ల మీద నిలువుగా పాతిన నాపరాళ్లు, వాటి మీద ఆరేసిన చీరలు అన్నీ వాడి కంట్లో పడ్డాయి. చింతమానును నాకంటే ముందు వాడే చూశాడు. "నాన్నా, అదే!" అని అరిచాడు.

ఆ అరుపు నాకు బాగా తెలుసు. చదువుకునే రోజుల్లో ఇదే ప్రొద్దుటూరులో, స్నేహితుడి కంప్యూటర్ ముందు నేనూ అట్లాగే అరిచాను. ఆట పేరు మారోవిండ్. 2002లో వచ్చింది. ఓడలో ఖైదీగా వచ్చి ఒక చిన్న పల్లెలో దిగుతాం. ఫలానా ఊళ్లో ఫలానా మనిషిని కలవమని చెప్పి వదిలేస్తారు. తెర మీద బాణం గుర్తు ఉండదు. వంతెన దాటాక ఏ పక్కకు తిరగాలో, ఏ కొండను ఆనవాలు పట్టుకోవాలో ఊళ్లో మనుషులే చెబుతారు. దూరం పోవాలంటే ఏనుగుకంటే పెద్ద పురుగు మీద ఎక్కాలి. దానికీ ఊరికో స్టాండు, దారికో చార్జీ. జమ్మలమడుగు బస్సు దిగి ముద్దనూరులో ఇంకో బస్సు మారినట్టే ఉంటుంది.

అందులో ఒక గుహ కోసం మేం రెండు రోజులు తిరిగాం. దానికి దారి చెప్పరు, పొడుపుకథ లాంటి మాటలు చెబుతారు. సూది అంటే ఏమిటి, ముత్యం అంటే ఏమిటి అని కాగితం మీద రాసుకుని వాదించుకున్నాం. ఎదురుగా సూదిలా నిలబడిన రాతిస్తంభం కనిపించాక గానీ అర్థం కాలేదు. తలుపు దొరికినా తెరుచుకోదు. తెల్లవారేటప్పుడు, సందెవేళ మాత్రమే తెరుచుకుంటుంది. ఆ తలుపు ముందు సందె కోసం కాచుకుని కూర్చున్న ఆ కాసేపు నాకు ఇప్పటికీ గుర్తుంది. గుహ లోపల ఏం చేశామో మటుకు అంతగా గుర్తులేదు.

అదే వరసలో 2006లో ఆబ్లివియన్, 2011లో స్కైరిమ్ వచ్చాయి. వాటిలో తెర మీది దిక్సూచిలో పోవాల్సిన చోటికి గుర్తు కనిపిస్తుంది, దాని వెంట పోతే చాలు. బొమ్మలు ఎంతో అందంగా ఉంటాయి. కానీ నేను చూసింది ఆ కొండల్ని కాదు, ఆ గుర్తునే. "వద్దనుకుంటే ఆ గుర్తు తీసేసుకో" అంటారు కొందరు. తీసేసి చూశాను. ఆట సాగదు. ఎందుకంటే పని అప్పగించే మనిషి దారి చెప్పడు. మారోవిండ్‌లో సంభాషణ చాలావరకు రాతలోనే ఉండేది కాబట్టి నాలుగు వాక్యాల దారి రాయడానికి పెద్ద ఖర్చు లేదు. ఆబ్లివియన్ నుంచి ప్రతి మాటనూ గొంతుతో రికార్డు చేశారు. మాటలు పొట్టివయ్యాయి, దారి చెప్పే పని బాణానికి అప్పజెప్పారు. నా కంప్లయింట్ ఇక్కడే. బాణం ఉండనీ. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి ఒక గంట ఆడుకునేవాళ్లకు అది కావాలి. కానీ బాణం లేకుండా కూడా ఆడగలిగేట్టు ఆటలో మనుషుల చేత దారి చెప్పించాలి.

పాతదంతా బంగారం అని నేను అనను. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ అనే ఆటలో నేల అంతులేనంత ఉంది. చాలావరకు కంప్యూటర్ లెక్కలతో పుట్టించిన నేల. ఎంత నడిచినా చూడాల్సింది ఏదీ తగలదు. అట్లాగే కొత్తవాళ్లలో బాగా చేసినవాళ్లూ ఉన్నారు. 2017 నాటి జెల్డా ఆటలో గుట్ట ఎక్కి, దూరంగా ఏదో మెరుస్తుంటే మ్యాప్ మీద గుర్తు మనమే పెట్టుకుంటాం. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఒక వెలుగురేఖతో దిక్కు మాత్రం చూపి ఊరుకుంటుంది. మా వాడు దాన్ని ఆడుతూ నోట్‌బుక్‌లో బొమ్మలు గీసుకుంటాడు. పిల్లలు ఆటలకు బానిసలవుతున్నారని బాధపడే తల్లిదండ్రులు ఒకసారి పక్కన కూర్చుని, ఆ ఆటలో దారి ఎట్లా తెలుస్తుందో అడగండి. నేనైతే ముందు అదే అడుగుతాను.

బెలుం గుహల్ని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో గమనించి రాసిపెట్టాడు. 1980ల మొదట్లో జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు. అందులో మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. లైట్లు పెట్టిన దారి వెంట చెమటలు కారుతూ నడిచాం. ఒకచోట లైట్లు ఆగిపోయాయి, అడ్డంగా కమ్మీ ఉంది. మా వాడు దాని మీద వంగి చీకట్లోకి చూశాడు.

"అవతల ఏముంది నాన్నా?"

"తెలీదురా."

వెనకవాళ్లు జరగమని అరుస్తున్నా వాడు అక్కడి నుంచి కదల్లేదు. ఎక్కడో లోపల నీటిచుక్క పడుతున్న చప్పుడు వింటున్నాడు.