గణనీయంగా తగ్గింది, టీ బాబాయ్ చెప్పాడు

మా ఊరి గడియారం స్తంభం సెంటర్లో 30 రోజులపాటు ప్రయోగాత్మకంగా అమలు చేసిన ట్రాఫిక్ ఆంక్షలు దిగ్విజయంగా ముగిశాయి. ఈ మాట నాది కాదు, సమీక్షా సమావేశానిది. ఆ సమావేశం పొద్దున పదకొండింటికి మొదలై భోజనాల వేళకి విజయం సాధించింది. మర్నాడు పేపర్ జిల్లా పేజీలో వార్త: ‘‘పట్టణ కేంద్రంలో వాహనాల రద్దీ గణనీయంగా తగ్గింది.’’

ఆ ‘గణనీయంగా’ దగ్గర నా చూపు ఆగిపోయింది. వారమైంది, ఇంకా అక్కడే ఉంది. గణనీయం అంటే లెక్కపెట్టదగినది అని మా తెలుగు మాస్టారు చెప్పారు. మరి లెక్కపెట్టిందెవరు? తగ్గిందనాలంటే ముందు ఎంత ఉండేదో తెలియాలిగా. ఆంక్షలకి ముందు ఆ సెంటర్లో గంటకి ఎన్ని బళ్లు వెళ్లేవో రాసిపెట్టిన మనిషి మా ఊళ్లో పుట్టలేదు. ఆంక్షలు పెట్టాక కూడా పుట్టలేదు.

ఆరా తీస్తే తేలింది. లెక్క ఉంది. టీ బాబాయ్ దగ్గర ఉంది.

సమీక్షకి రెండు రోజుల ముందు ప్యాడ్లు పట్టుకుని ఇద్దరొచ్చారట.

‘‘ఇదివరకు ఇటు బళ్లు ఎక్కువ వెళ్లేవా బాబాయ్?’’

‘‘చాలా.’’

‘‘చాలా అంటే?’’

బాబాయ్ టీ వడకడుతున్నాడు. గుడ్డ పిండి, నాలుగు గ్లాసుల్లో పోసి, నురగ సమానంగా వచ్చిందో లేదో వంగి చూసుకుని అప్పుడు చెప్పాడు. ‘‘చాలా అంటే చాలానే. రోడ్డు దాటే ముందు దణ్ణం పెట్టుకోవాల్సొచ్చేది.’’

‘‘మరి ఇప్పుడు?’’

‘‘బారికేడ్లు పెట్టారు గదండీ. ఎలా వస్తాయి?’’

ఇద్దరూ రాసుకున్నారు. టీ తాగారు. డబ్బులిచ్చారా అని నేనడిగితే బాబాయ్ నవ్వాడు. ఆ వివరం నివేదికలో లేదు.

బాబాయ్ నోట్లో పుట్టిన ‘చాలా’ ప్యాడ్ మీదకొచ్చేసరికి ‘అధిక సంఖ్యలో’ అయింది. టైపు చేసేసరికి ‘తీవ్రమైన రద్దీ’ అయింది. పవర్‌పాయింట్ ఎక్కేసరికి ఎర్ర రంగు పూసుకుని స్తంభమై నిలబడింది. దాని పక్కన ఆకుపచ్చగా, పొట్టిగా ఇంకో స్తంభం. అది ‘ఎలా వస్తాయి’. రెంటికీ ఉన్న తేడాయే మన గణనీయం. ఇంతకన్నా శాస్త్రీయంగా చెయ్యమంటే ఎలాగండీ?

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ వాళ్లు పాపం అమాయకులు. 2006లో జనవరి 3 నుంచి జూలై 31 దాకా ఊరి నడిబొడ్డుకి వచ్చే కార్ల మీద రుసుము పెట్టి చూశారు. వాళ్లకి బాబాయ్ లేడు కాబట్టి కెమెరాలు పెట్టుకుని, ముందూ తర్వాతా బళ్లు లెక్కపెట్టుకున్నారు. సుమారు 20 శాతం తగ్గాయి. అంతటితో శాలువాలు కప్పుకోకుండా గడువైపోగానే రుసుము ఆపేశారు. ఆపగానే బళ్లు మళ్లీ పెరిగాయి. సెప్టెంబరులో ‘ఉంచమంటారా, వద్దంటారా’ అని జనాన్ని ఓటడిగారు. ఊరివాళ్లు ఉంచమన్నాక, 2007 ఆగస్టు నుంచి శాశ్వతం చేశారు. ఒక్క టీతో అయ్యే పనికి ఎంత ఖర్చు!

మనవాళ్లు 30 రోజులే ఎందుకన్నారో తెలుసా? 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 115వ సెక్షన్. ఆంక్ష నెలకి మించకపోతే గెజిట్‌లో వెయ్యక్కర్లేదు, స్థానికంగా నలుగురికీ తెలిసేలా ప్రచారం చేస్తే చాలు. మా ఊళ్లో ఆ ప్రచారం బారికేడే చేసింది. గుద్దుకున్నవాళ్లకి తెలిసింది.

ఇంతకీ ఆ బళ్లన్నీ ఏమయ్యాయి? ఆవిరైపోలేదు. మా వీధిలో ఉన్నాయి. సెంటర్ వెనక వీధి మాదే. ఎలిమెంటరీ స్కూలూ అక్కడే. ఈ నెల్లాళ్లూ ఇసుక ట్రాక్టర్లు పిల్లల రిక్షాల్ని రాసుకుంటూ పోయాయి. సమీక్షలో చూపించిన మ్యాపు బారికేడ్ దగ్గరే అయిపోయింది కాబట్టి మా వీధి అందులో లేదు. లేని వీధిలో రద్దీ ఎలా పెరుగుతుంది?

రోడ్లు మూయడమే తప్పని నేననను. హైదరాబాద్ చార్మినార్ చుట్టూ నడిచేవాళ్లకే దారి వదలాలన్న ఆలోచన 1990ల నాటిది. అది నత్తనడక నడిచింది నిజమే. కానీ 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు బళ్లు ఆపితే జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చారు. హారన్ లేని రోడ్డు ఎవరికి చేదు? మా సెంటర్లో మాత్రం రెండు బారికేడ్ల మధ్య సరిగ్గా మోటారుసైకిల్ దూరేంత సందు వదిలారు. నడిచేవాడు ఆ సందులో అడుగు పెడితే ‘ఏం, కనపడట్లా?’ అని వాడికే తిట్లు.

ఇక ఆ బారికేడ్. దాని మీద ఒక ఆస్పత్రి ప్రకటన. ‘అత్యవసర సేవలు 24 గంటలు’ అని, పక్కన స్టెతస్కోపుతో నవ్వుతున్న డాక్టరమ్మ బొమ్మ. ఆ ఆస్పత్రి బారికేడ్‌కి అవతల, నాలుగొందల అడుగుల్లో ఉంది. మా వీధి చివరింటి పెద్దమ్మకి అక్కడే వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆటో బారికేడ్ దగ్గర ఆపేశారు. వెళ్లేటప్పుడు ఎలాగో నడిచింది. నాలుగు గంటలు మిషన్ మీదుండి వచ్చేటప్పుడు చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. చివరికి ఆ బారికేడ్ ఇనప కాలు మీదే కూలబడింది, డాక్టరమ్మ నవ్వు కింద. ‘‘అంబులెన్సుకైతే పర్మిషనుందమ్మా, ఆటోకి లేదు’’ అన్నాడు డ్యూటీలో ఉన్న కుర్రాడు. అతన్నేమనగలం, ఎండలో నిలబెట్టిన వాళ్లననాలి. ఈ ఊళ్లో రోగులు ఆటోలోనే వస్తారు. పురిటినొప్పులు ఆటోలోనే వస్తాయి. ఆ సంగతి ఏసీ గదిలో కూర్చున్న ఒక్కడికైనా తట్టలేదా? అదే రోజు ఒక నగల షాపు కారు అద్దానికి పాస్ అంటించుకుని దర్జాగా లోపలికెళ్లింది. ఆయనకి పాస్ రాసిన చేత్తోనే డయాలిసిస్‌కి వెళ్లే ఆటోకి ఒక ముక్క రాసివ్వడానికి ఏం రోగం? నెల్లాళ్లలో పదమూడు సార్లు ఆ మనిషి అలా నడిచింది. నేను లెక్కపెట్టాను. సమీక్షలో ఎవరికైనా కావాలంటే ఇస్తాను, టీ కూడా నేనే పోయిస్తాను.

విజయం దక్కింది కాబట్టి ప్రయోగాన్ని ఇంకో 30 రోజులు పొడిగించారు. ఈసారి బళ్లతోపాటు తోపుడు బళ్లనీ తీసేయాలన్నారు. 115వ సెక్షన్ మాట్లాడేది మోటారు బళ్ల గురించి. తోపుడు బండికి మనిషే ఇంజను. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే పూర్తయ్యేదాకా ఉన్నవాళ్లని కదపకూడదంటుంది. కమిటీ వెయ్యాలంటుంది. తీరా తొలగించాల్సొస్తే 30 రోజుల నోటీసివ్వాలంటుంది. మావాళ్లకి చట్టంలో 30 రోజులన్న ముక్క నచ్చినట్టుంది, ప్రయోగానికి వాడేసుకున్నారు. నోటీసు మాత్రం పొద్దున్నే లారీలో వచ్చింది.

మొన్న రెండో సమీక్ష కోసం ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు. ప్యాడ్లు పట్టుకుని స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగి, చివరికి నన్నడిగారు.

‘‘ఇక్కడో టీ కొట్టుండాలి కదండీ?’’