స్టీరింగు సంస్థది, చేతులు సర్కారువి

బస్సు రాకపోతే చట్టాన్ని తప్పుపట్టడం మా శ్రీకాకుళం వాళ్లకు చేతకాని విద్య. కండక్టరును నాలుగు మాటలని, ఆటో ఎక్కేస్తాం. ఈ అజ్ఞానాన్ని తొలగించే సదుద్దేశంతోనే ఈ నాలుగు ముక్కలు.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో 22వ సెక్షను ఆర్టీసీ లాంటి సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. 34వ సెక్షను ప్రభుత్వం ఆదేశిస్తే పాటించాలంటుంది. ఆ తర్వాత 2019లో మన శాసనసభ ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేస్తూ చట్టం చేసింది. 2020 జనవరి 1 నుంచి వారు ప్రజా రవాణా శాఖ వారయ్యారు, సంస్థ మాత్రం సంస్థగానే మిగిలింది. స్టీరింగు సంస్థది, దాన్ని తిప్పే చేతులు సర్కారువి, బండి మొరాయిస్తే దిగి తోసే భుజాలు మనవి.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చింది. మహిళకిచ్చే టికెట్టు మీద సున్నా ఉంటుంది, ఆ సున్నా వెనకున్న అసలు ఛార్జీని ప్రభుత్వం సంస్థకు కట్టాలి. ఆడవాళ్లు ఊరు దాటడం మంచిదే, దాని మీద నాకు పేచీ లేదు. నా సందేహమల్లా వ్యాపార సూత్రం గురించే. కిరాణా కొట్టువాడైతే ‘అరువు రేపు’ అని అట్ట కట్టుకుంటాడు. అరువు అడిగేవాడే కొట్టు యజమాని కూడా అయి, 34వ సెక్షను చేతపట్టుకుని నిలబడితే ఆ అట్ట ఏ గోడకు కట్టాలి?

అంతర్రాష్ట్ర సర్వీసులకు ఈ పథకం వర్తించదు. పాతపట్నం దాకా సున్నా టికెట్టుతో వచ్చిన పెద్దమ్మ, కూతవేటు దూరంలో ఒడిశాలో ఉన్న పర్లాఖెముడి బస్సెక్కితే కొంగుముడి విప్పాల్సిందే. “పిల్లని ఊరికిచ్చినాం గానీ ఒడిశాకిచ్చినామేటి బావూ?” అని ఆమె అడిగితే ఏ సెక్షను చూపిస్తాం?

ఇక పర్యవేక్షణ. లెక్కలు చూడటానికి కాగ్ ఉంది, సలహా మండళ్లకు చట్టంలోనే 17వ సెక్షను ఉంది. నా వినయపూర్వక సవరణ ఒక్కటే: ఫలానా వారి జ్ఞాపకార్థమని రాసి ఉన్న ప్రతి బస్టాపు సిమెంటు బెంచీనీ సలహా మండలిగా గుర్తించాలి. పొద్దున్న ఏడింటికే కోరం నిండుతుంది, భత్యం అడిగే సభ్యుడుండడు. మినిట్సు రాయడమే కష్టం. బస్సు మలుపు తిరగగానే మండలి యావత్తూ చేతిగుడ్డలు పట్టుకుని కిటికీల మీదకు దూకుతుంది.